మరమ్మతుకు లొంగే లోకాలు

1954 జనవరి 21న అమెరికాలోని గ్రోటన్ రేవులో ఒక జలాంతర్గామిని నీళ్లలోకి దించారు. అణుశక్తితో నడిచిన మొట్టమొదటి జలాంతర్గామి అదే, పేరు నాటిలస్. అదే ఏడాది డిసెంబరులో డిస్నీ సంస్థ ఇంకో నాటిలస్‌ను తెర మీదికి తెచ్చింది. జూల్స్ వెర్న్ నవల ఆధారంగా రిచర్డ్ ఫ్లైషర్ తీసిన ‘20,000 లీగ్స్ అండర్ ది సీ’లో కెప్టెన్ నీమో నడిపే నౌక అది. మొదటి నాటిలస్ జనం కట్టిన పన్నులతో తయారైంది కానీ దాని కడుపులో ఏముందో అప్పట్లో ఆ జనానికి తెలియదు, తెలియనిచ్చేవారూ కాదు. రెండో నాటిలస్‌లోకి మాత్రం టిక్కెట్టు కొన్న ప్రతివాడూ వెళ్లి తిరిగి చూడొచ్చు. ఇనుప రేకులు, వాటిని పట్టి ఉంచిన రివెట్లు, తిప్పే చక్రాలు, సముద్రగర్భంలోకి తెరుచుకునే గుండ్రటి కిటికీ, గదిలో నీమో వాయించే ఆర్గాన్, అన్నీ కళ్లెదుటే ఉంటాయి. కళా దర్శకత్వానికీ, స్పెషల్ ఎఫెక్ట్స్‌కూ ఆస్కార్లు అందుకున్న ఆ చిత్రాన్ని ఇప్పటికీ ఇష్టంగా చూసేవాళ్లున్నారు. అసలు జలాంతర్గాములు తరతరాలుగా మారిపోయాయి. నీమో నౌక మాత్రం పాతబడిపోయి కూడా ఆకర్షణ కోల్పోలేదు.

గత దశాబ్దాల సైన్స్ ఫిక్షన్ సాహస చిత్రాల మీద జనానికి ఉన్న ఈ మమకారాన్ని విమర్శకులు ఎక్కువగా ఒక్క ముక్కలో తేల్చేస్తారు: పలాయనం. రోజువారీ బాధల నుంచి రెండు గంటలు తప్పించుకోవడానికి జనం ఎక్కడికైనా పోతారు, అందులో చంద్రమండలం కూడా ఒకటి అన్నట్టు. మాట అబద్ధం కాదు, కానీ చాలదు. తప్పించుకోవడమే కావలసి ఉంటే ప్రేమకథ చాలు, పాటలూ హాస్యమూ చాలు. ఇంతమంది ఇన్నేళ్లపాటు యంత్రాలతో నిండిన లోకాల్లోకే ఎందుకు పారిపోవాలి? ఫ్యాక్టరీలో, ఆఫీసులో పగలంతా యంత్రాలతో వేగి వచ్చిన మనిషి సాయంత్రం డబ్బిచ్చి మళ్లీ యంత్రాలనే ఎందుకు చూడాలి? 1930ల సీరియళ్ల నుంచి 1980ల చివరి దాకా వచ్చిన ఈ రకం చిత్రాలను వరసగా పరిశీలిస్తే తట్టేది ఇదీ: ప్రేక్షకుడు పారిపోయింది సాంకేతికత నుంచి కాదు, దాని ముందు తాను నిస్సహాయుడై నిలబడిన స్థితి నుంచి. ఆ చిత్రాల్లో యంత్రం ఎంత అద్భుతమైనదైనా ఒక మనిషి దాన్ని తయారు చేయగలడు, అర్థం చేసుకోగలడు, చెడిపోతే బాగుచేయగలడు. బయటి లోకంలో ఆ అవకాశం తరిగిపోతున్న కొద్దీ తెర మీద దాని విలువ పెరిగింది.

బయట తరిగిందనడానికి ఒక్క అంకె చాలు. చంద్రుడి మీదికి మనిషిని పంపిన అపోలో కార్యక్రమంలో దాదాపు 4 లక్షల మంది పనిచేశారని నాసా లెక్క. ఆ 4 లక్షల మందిలో రాకెట్టు మొత్తాన్ని తన బుర్రలో ఇముడ్చుకోగలిగిన మనిషి ఉండే అవకాశమే లేదు. ఇప్పుడు సినిమా రాకెట్లు చూడండి. 1936లో యూనివర్సల్ 13 భాగాలుగా తీసిన ‘ఫ్లాష్ గోర్డన్’ సీరియల్‌లో డాక్టర్ జార్కోవ్ తన రాకెట్టును తానే కట్టుకుంటాడు, ఇంకో ఇద్దరిని ఎక్కించుకుని వేరే గ్రహానికి బయలుదేరతాడు. 1960లో జార్జ్ పాల్ తీసిన ‘ది టైమ్ మెషిన్’లో కాలయంత్రం లండన్‌లో ఒక పెద్దమనిషి ఇంటి ప్రయోగశాలలో తయారవుతుంది. కూర్చోవడానికి కుర్చీ, ముందు ఒక మీట, వెనక తిరిగే పెద్ద చక్రం. మీట ముందుకు తోస్తే భవిష్యత్తు, వెనక్కి లాగితే గతం. 1985లో వచ్చిన ‘బ్యాక్ టు ది ఫ్యూచర్’ నాటికి ఆ ప్రయోగశాల ఒక అరపిచ్చి శాస్త్రవేత్త గ్యారేజీగా, ఆ కుర్చీ డెలోరియన్ కారుగా మారాయి. యాభై ఏళ్లలో సాంకేతికత ఎంత పెద్దదైనా సినిమా దాన్ని పట్టుబట్టి ఒక మనిషి చేతిలోనే ఉంచింది.

యంత్రం ఉండటం ఒక ఎత్తు, అది చెడిపోవడం ఇంకో ఎత్తు. ఈ చిత్రాల్లో ఉత్కంఠ పుట్టే చోటు చాలాసార్లు యుద్ధం కాదు, రిపేరు. 1966లో ఫ్లైషరే తీసిన ‘ఫెంటాస్టిక్ వాయేజ్’ దీనికి మంచి సాక్ష్యం. మెదడులో రక్తం గడ్డకట్టిన ఒక శాస్త్రవేత్తను బతికించడానికి ఒక జలాంతర్గామిని, అందులోని వైద్యబృందాన్ని సూక్ష్మరూపానికి కుదించి అతని రక్తనాళంలోకి ఎక్కిస్తారు. గడువు 60 నిమిషాలు. ఇది ప్రభుత్వ రహస్య సంస్థ నడిపే వ్యవహారం. మిలిటరీ అధికారులు కంట్రోల్ రూములో కూర్చుని కాఫీ తాగుతూ తెరల వైపు చూస్తుంటారు. అంటే నా వాదానికి ఎదురు నిలిచే ఉదాహరణ అన్నమాట; ఇక్కడ యంత్రం ఒంటరి మేధావిది కాదు, పెద్ద వ్యవస్థది. కానీ కథ నడిచే తీరు గమనించండి. దారిలో లేజర్ పాడవుతుంది. దాన్ని బాగుచేయడానికి భాగాలు కావాలి, అవి దొరికేది ఒక్క వైర్‌లెస్ సెట్‌లోనే. వైర్‌లెస్‌ను విప్పితే బయటి అధికారులతో మాట తెగిపోతుంది. బృందం వెనకాడుతుంది గానీ చివరికి విప్పేస్తుంది. ఆ క్షణం నుంచి సినిమా వాళ్లది. పైఅధికారులతో తీగ తెంచి ఆ తీగతోనే పని జరిపించుకోవడం కంటే సూటిగా ఈ చిత్రాల ఆకర్షణను చెప్పే దృశ్యం ఇంకొకటి నాకు తట్టడం లేదు.

దీనికి తలకిందులైన రూపం 1956 నాటి ‘ఫర్బిడెన్ ప్లానెట్’లో ఉంది. షేక్‌స్పియర్ ‘టెంపెస్ట్’ నాటకపు ఛాయలున్న ఈ కథలో ఆల్టెయిర్-4 అనే గ్రహం మీద క్రెల్ అనే జాతి ఎప్పుడో అంతరించిపోయింది. వాళ్ల యంత్రం మాత్రం నేల అడుగున ఇరవై మైళ్ల పొడవూ వెడల్పూ లోతుతో తనను తానే బాగుచేసుకుంటూ నడుస్తోంది. మనసులో అనుకున్నది పనిముట్టుతో నిమిత్తం లేకుండా ఎదురుగా ప్రత్యక్షం కావాలని వాళ్లు దాన్ని కట్టుకున్నారు. మనసు అడుగున దాగిన క్రూరత్వం కూడా అలాగే ప్రత్యక్షమై ఒక్క రాత్రిలో వాళ్లను తుడిచిపెట్టింది. చేయి పెట్టనక్కర్లేని యంత్రమే ఈ కథలో రాక్షసి. ఆ సినిమాలో జనానికి నచ్చింది మాత్రం రాబీ అనే మరమనిషి. కావలసింది అడిగితే చేసిపెడతాడు, వంటవాడి సీసాలో మిగిలిన మద్యాన్ని రుచి చూసి అచ్చం అలాంటిదే గ్యాలన్ల కొద్దీ తయారు చేస్తాడు. ఒకే సినిమాలో ప్రేక్షకులు ఒక యంత్రాన్ని చూసి వణికి, ఇంకో యంత్రాన్ని ఇంటికి తీసుకెళ్లాలనుకున్నారు. తేడా పరిమాణంలో లేదు. రాబీ మనిషికి జవాబు చెబుతాడు, క్రెల్ యంత్రం చెప్పదు.

‘ది టైమ్ మెషిన్’ కూడా అదే మాట వేరే దారిలో అంటుంది. 8,02,701వ సంవత్సరంలో కాలయాత్రికుడికి కనబడే ఎలోయ్ జాతి అందంగా, సుఖంగా, చీకూచింతా లేకుండా ఉంటుంది. పండ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో వాళ్లకు తెలియదు, అడగరు. పుస్తకాలున్నాయా అంటే చూపిస్తారు, ముట్టుకుంటే పొడి అయిపోతాయి. నిజానికి పలాయనం కోరేవాడికి ఎలోయ్‌ల తోట కంటే స్వర్గం ఏముంటుంది? సినిమా మాత్రం దాన్ని నరకంగా చూపిస్తుంది, హీరో చేత కోపంగా కేకలు వేయిస్తుంది. పని మరిచిపోయిన సుఖాన్ని ఈ చిత్రాలు ఎప్పుడూ నమ్మలేదు. ‘పలాయన వినోదం’ అన్న ముద్ర ఇక్కడే జారిపోతుంది.

1977 మే నెలలో ‘స్టార్ వార్స్’ విడుదలైనప్పుడు ఈ ధోరణి పరాకాష్ఠకు చేరింది. ‘ఫ్లాష్ గోర్డన్’ హక్కులు దొరకక జార్జ్ లూకాస్ తన సొంత కథ రాసుకున్నాడన్నది అందరికీ తెలిసిన సంగతే. అతను ఆ సీరియల్ నుంచి తీసుకున్నది కథాసరళిని. పక్కన పెట్టింది దాని మెరుపును. లూకాస్ రోదసి వాడిపోయిన రోదసి. నౌకలకు మసి, గీతలు, సొట్టలు ఉంటాయి. హాన్ సోలో అనే చోదకుడి నౌక మిలేనియం ఫాల్కన్‌ను మొదటిసారి చూడగానే హీరో ల్యూక్ దాన్ని తుక్కు కింద జమకడతాడు. 1980లో వచ్చిన రెండో చిత్రంలో ఆ నౌక కథ పొడవునా మొరాయిస్తూనే ఉంటుంది. హాన్ సోలో ప్యానెల్ మీద ఒక దెబ్బ వేస్తే దీపాలు వెలుగుతాయి. పాత స్కూటర్‌ను వంచి కిక్కు కొట్టి దారికి తెచ్చుకునే ఇంట్లో పుట్టినవాళ్లకు ఆ దెబ్బ ఎవరూ వివరించనక్కర్లేదు. ఎదుటి పక్షాన ఉన్నది డెత్ స్టార్. అందులో అధికారులు బల్ల చుట్టూ కూర్చుని మీటింగు పెట్టుకుంటారు. గ్రహమంత పెద్దదిగా కనిపించే ఆ యంత్రాన్ని ఎవరూ ప్రేమించరు, ఎవరూ రిపేరు చేస్తున్నట్టు కనిపించరు. చివరికి ఒక రైతు ఇంట్లో పెరిగిన కుర్రాడు గురిచూపే కంప్యూటర్‌ను పక్కకు తోసేసి దాన్ని పేల్చేస్తాడు.

ఈ చిత్రాలు తయారైన పద్ధతి కూడా ఈ ఆకర్షణలో భాగమే. లూకాస్ 1975లో పెట్టిన ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ మొదట వాన్ నైస్‌లోని ఒక గోదాములో పనిచేసింది. జాన్ డైక్‌స్ట్రా బృందం పాత విస్టావిజన్ కెమెరాలను తెచ్చి, ఒకే కదలికను పదేపదే అచ్చుగుద్దినట్టు చేయగల యంత్రానికి బిగించింది. నౌకల నమూనాల మీద కనిపించే గొట్టాలు, పలకలు చాలావరకు దుకాణాల్లో అమ్మే ట్యాంకుల, విమానాల ప్లాస్టిక్ బొమ్మల కిట్ల నుంచి పీకి అతికించినవి. శబ్దాల సంగతి ఇంకా సరదా. లైట్‌సేబర్ గుయ్యిమనే చప్పుడుకు బెన్ బర్ట్ సినిమా ప్రొజెక్టరు మోటారు హోరును, టీవీ పిక్చర్ ట్యూబు దగ్గర మైకు చేసిన రొదను కలిపాడు. సామ్రాజ్యపు యుద్ధనౌక దూసుకుపోయే అరుపులో ఏనుగు ఘీంకారం ఉంది. ఆ వివరాలేవీ తెలియని ప్రేక్షకుడికి కూడా తెర మీది వస్తువుకు బరువుందని, ఎవరో చేతులతో చేశారని కన్ను చెబుతుంది. ‘మాయాబజార్’ (1957)లో మార్కస్ బార్ట్లే చూపిన మాయలకు అలవాటుపడ్డ తెలుగు ప్రేక్షకుడికి ఈ ఆనందం కొత్తదేమీ కాదు. లడ్లు వాటంతటవే గాల్లో లేచి ఘటోత్కచుడి నోట్లో పడుతుంటే నమ్ముతూనే ‘ఎలా తీశారబ్బా’ అనుకున్నారు మనవాళ్లు. నమ్మకం, కుతూహలం రెండూ పక్కపక్కనే ఉండగలవు.

ఇక ఎదురువాదాలు. మొదటిది తేలికది: ఇదంతా చిన్ననాటి జ్ఞాపకాల మీది ప్రేమ, సినిమాల గొప్ప కాదు అనేది. బాల్యమే కారణమైతే ఆ బాల్యంలో చూసినవన్నీ సమానంగా నిలవాలి. నిలవలేదు. 1979లో డిస్నీ ఎంతో ఖర్చుపెట్టి తీసిన ‘ది బ్లాక్ హోల్’ను గుర్తు పెట్టుకున్నవాళ్లు ‘స్టార్ వార్స్’ అభిమానుల ముందు ఏ మూలకు? పైగా ‘బ్యాక్ టు ది ఫ్యూచర్’ను ఇవాళ చూసి కేరింతలు కొట్టే పిల్లలకు 1955 మీదా బెంగ లేదు, 1985 మీదా లేదు. వాళ్లను పట్టి ఉంచేది చివరి ఘట్టం: పిడుగు పడే క్షణానికి గడియారస్తంభం మీంచి వేలాడే కేబుల్ రెండు కొసలనూ ఆ అరపిచ్చి శాస్త్రవేత్త డాక్ బ్రౌన్ కలపగలడా లేదా? మహా కాలప్రయాణమంతా ఊడిపోయిన ఒక ప్లగ్గు దగ్గరికి వచ్చి ఆగుతుంది.

రెండోది సైన్స్ తెలిసినవాళ్ల అభ్యంతరం. శూన్యంలో చప్పుడెలా వినబడుతుంది, మనిషిని కుదిస్తే అతని బరువు ఎటు పోతుంది? నిజమే, ఈ చిత్రాల సైన్స్ చాలావరకు నిలవదు. ‘ఫెంటాస్టిక్ వాయేజ్’కు నవలారూపం ఇచ్చిన ఐజాక్ అసిమోవ్‌కు ఒక లోపం మింగుడుపడలేదు. సినిమాలో జలాంతర్గామిని తెల్లరక్తకణం మింగేస్తుంది, మనుషుల్లో ఎక్కువమంది మాత్రం బయటపడతారు. గడువు తీరాక రోగి శరీరంలో మిగిలిన ఆ నౌక కూడా అసలు పరిమాణానికి పెరగాలి కదా? అసిమోవ్ తన నవలలో దాన్ని కూడా బయటికి లాగించాడు. ఇక్కడ ఆసక్తికరమైనది అతని తప్పుపట్టే తీరు. కుదింపు సాధ్యమా అని కథను ఆపలేదు, ఒప్పుకున్న నియమాన్ని చివరిదాకా పాటించమన్నాడు. ప్రేక్షకుడు అడిగేదీ అదే. 60 నిమిషాలంటే 60 నిమిషాలు, గంటకు 88 మైళ్లంటే 88 మైళ్లు. భౌతికశాస్త్రం తప్పినా సహిస్తాడు, మాట తప్పితే సహించడు. నియమం ఖచ్చితంగా ఉంటేనే రిపేరుకు అర్థం ఉంటుంది మరి.

మూడో అభ్యంతరం బరువైనది. సినీ విమర్శకుడు రాబిన్ వుడ్ 1986లో వెలువరించిన పుస్తకంలో లూకాస్, స్పీల్‌బర్గ్ చిత్రాలు పెద్దవాళ్లను పిల్లల్ని చేసి, వియత్నాం, వాటర్‌గేట్ తరవాత అమెరికాలో పుట్టిన ప్రశ్నలను జోకొట్టాయని వాదించాడు. ఇందులో సగానికి పైగా ఒప్పుకోవాలి. నీమోనే తీసుకుందాం. వెర్న్ 1875 నాటి ‘ది మిస్టీరియస్ ఐలాండ్’లో అతని పుట్టుపూర్వోత్తరాలు చెప్పాడు: బుందేల్‌ఖండ్ రాజకుమారుడు డక్కర్, 1857 తిరుగుబాటులో ఆంగ్లేయులతో పోరాడి ఓడినవాడు. డిస్నీ చిత్రంలో జేమ్స్ మేసన్ ధరించిన నీమోకు ఆ భారతదేశం లేదు. కోపం మిగిలింది, కోపానికి కారణమైన దేశం జారిపోయింది. ‘ఫ్లాష్ గోర్డన్’లో మింగ్ చక్రవర్తిని తూర్పుదేశాల మీద నాటి అమెరికా భయాలతోనే అచ్చుపోశారు. స్త్రీల సంగతి చెప్పనక్కర్లేదు; పనిముట్టు వాళ్ల చేతికి ఎప్పుడో గానీ రాదు. ‘ఫెంటాస్టిక్ వాయేజ్’లో రాక్వెల్ వెల్చ్ సాంకేతిక సహాయకురాలే అయినా కెమెరా చూసింది ఆమె పనిని కాదు.

ఇంకా ముందుకు వెళితే, నేను పొగిడిన లక్షణమే ప్రమాదం కూడా. ఒక మంచి యంత్రం ఉంటే చాలు, పెద్ద సమస్య తీరిపోతుందన్న నమ్మకాన్ని ఈ చిత్రాలు పెంచాయి. 1983 మార్చి 23న అధ్యక్షుడు రీగన్ సోవియట్ క్షిపణులను గాల్లోనే అడ్డుకునే రక్షణ వ్యవస్థ గురించి టీవీలో ప్రసంగించాడు. ప్రత్యర్థులు దానికి వెక్కిరింతగా ‘స్టార్ వార్స్’ అని పేరు పెట్టారు. పథకానికి అనుకూల, ప్రతికూల సంఘాలు ఆ పేరును ప్రచారంలో వాడుకుంటుంటే లూకాస్‌ఫిల్మ్ కోర్టుకెక్కింది, 1985లో ఓడిపోయింది. ఎవరికీ అంతుపట్టని, డెత్ స్టార్‌కు దగ్గరి చుట్టమైన ఒక వ్యవస్థకు ఫాల్కన్ పేరుప్రతిష్ఠలు దక్కాయి. వుడ్ వాదానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. అయినా ఆ వాదం ప్రేక్షకుణ్ని మరీ అమాయకుణ్ని చేస్తుంది. అదే 1983లో వచ్చిన ‘రిటర్న్ ఆఫ్ ది జెడై’లో అడవిజాతి ఎవోక్‌లు తాళ్లతో, దుంగలతో సామ్రాజ్యపు ఉక్కు యంత్రాలను కూలదోస్తారు. ఆ ఘట్టం వెనక వియత్నాం యుద్ధం ఉందని లూకాసే చెప్పాడు. ఒకే చిత్రాల వరస నుంచి అధ్యక్షుడి పథకానికి పేరూ, ఆ పథకం లాంటి వాటి మీద ఎకసెక్కమూ రెండూ దొరికాయంటే, జోకొట్టడం అంత సజావుగా సాగలేదన్నమాట.

సుసాన్ సాంటాగ్ 1965లో రాసిన ప్రసిద్ధ వ్యాసాన్ని ఇక్కడ చాలామంది ముందుకు తెస్తారు. సైన్స్ ఫిక్షన్ చిత్రాల సారం విజ్ఞానం కాదు, విధ్వంసం, నగరాలు కూలడం చూసే ఆనందం అని ఆమె అన్నది. ఆమె ముందున్న 1950ల చిత్రాల్లో చాలావాటికి అది సరిపోతుంది. జపాన్‌లో ఇషిరో హోండా ‘గాడ్జిల్లా’ 1954లో వచ్చింది. అమెరికా హైడ్రోజన్ బాంబు పరీక్ష బూడిద జపాన్ చేపల పడవ మీద పడిన ఏడాది అది. అలాంటి చిత్రాలను పలాయనం అనడమే అన్యాయం. కానీ విధ్వంస చిత్రాన్నీ సాహస చిత్రాన్నీ ఒకే గాటన కట్టకూడదు. ఒకదాంట్లో జనం పరుగెత్తుతారు, రెండోదాంట్లో కొద్దిమంది ఆగి స్క్రూడ్రైవర్ అందుకుంటారు. స్పీల్‌బర్గ్ ‘ఇ.టి.’ (1982)లో గ్రహాంతరవాసి ఇంటికి ఫోను చేసుకునే పరికరాన్ని దేనితో చేస్తాడో గుర్తుందా? పిల్లలకు అక్షరాలు నేర్పే ఎలక్ట్రానిక్ బొమ్మ, గొడుగు, రంపపు చక్రం. గెలాక్సీలు దాటొచ్చిన జీవి ఒక మధ్యతరగతి ఇంట్లోని సామాను చాలంటాడు. ఆ తరవాత ప్రభుత్వ మనుషులు వచ్చి ఆ ఇంటిని ప్లాస్టిక్ షీట్లతో కప్పేస్తారు. సినిమాలో నిజంగా భయం పుట్టేది అప్పుడే.

ఈ సూత్రం అన్నిటికీ సరిపోతుందని నేననను. 1968 నాటి ‘బార్బరెల్లా’కో, క్వీన్ బృందం సంగీతంతో 1980లో రంగులు కుమ్మరించిన ‘ఫ్లాష్ గోర్డన్’కో రిపేరుతో పనిలేదు, వాటి అందం వేషాలంకరణలో, అల్లరిలో ఉంది. ఇక కంప్యూటర్ గ్రాఫిక్స్ వచ్చాక ఈ ఆకర్షణ పోయిందనే మాట కూడా పూర్తిగా నిజం కాదు. రిడ్లీ స్కాట్ ‘ది మార్షియన్’ (2015)లో అంగారకుడి మీద చిక్కుకున్న మనిషి బంగాళాదుంపలు పండించి, పాత పాత్‌ఫైండర్‌ను తవ్వి తీసి భూమితో మాట్లాడతాడు. అది నలుపు తెలుపు సీరియళ్ల నాటి సరదాయే, ఈసారి సైన్స్ కొంచెం గట్టిగా చదువుకుని వచ్చింది.

తెలుగులో ఈ సరదాకు సొంత చిరునామా 1991లో వచ్చిన ‘ఆదిత్య 369’. ‘ది టైమ్ మెషిన్’ చిత్రానికి మూలమైన వెల్స్ నవల స్ఫూర్తితో సింగీతం శ్రీనివాసరావు తీసిన ఈ చిత్రంలో కాలయంత్రం ప్రభుత్వానిదో, మిలిటరీదో కాదు, ప్రొఫెసర్ రాందాస్‌ది. హాలీవుడ్ నుంచి వచ్చిన యంత్రం ఇక్కడ తీసుకెళ్లే చోటు మాత్రం వేరు. అది ముందు 1526కి, శ్రీకృష్ణదేవరాయల కొలువుకు వెళుతుంది. తెలుగువాడికి గతమంటే చేతికందే గతం. తెనాలి రామకృష్ణుడు ఎదురుపడితే ఎలా పలకరించాలో అతనికి తెలుసు. ఆ తరవాత వచ్చే 2504 సంవత్సరంలో అణుయుద్ధం ముగిసి, రేడియేషన్‌కు భయపడి జనం నేల అడుగున బతుకుతుంటారు. ఆ ఘట్టం చిన్నదే గానీ, పోల్చిచూసేలా ముందు రాయల కొలువు ఉండటంతో గట్టిగా తగులుతుంది. 2025లో ఈ చిత్రాన్ని 4కెలో మళ్లీ విడుదల చేశారు.

ఆ సింగీతం సలహాలతోనే నాగ్ అశ్విన్ 2024లో ‘కల్కి 2898 ఏ.డి.’ తీశాడు. అందులో డిజిటల్ నగరాలకు, సైన్యాలకు కొదవలేదు. విడుదలకు ముందే జనంలోకి వెళ్లింది మాత్రం బుజ్జి అనే కారు. ఇంజినీర్లను కూర్చోబెట్టి నిజంగా నడిచేలా కట్టించారు దాన్ని. హైదరాబాదులో వేడుక పెట్టి అభిమానుల ముందు నడిపించారు. కథలో దాని యజమాని భైరవ ఇంటి అద్దె కూడా కట్టలేక ఇంటాయనకు మొహం చాటేసేవాడు. అప్పుల్లో మునిగిన చోదకుడు, అతనితో వాదనకు దిగే బండి. ‘స్టార్ వార్స్’లో హాన్ సోలో కూడా జబ్బా అనే ముఠానాయకుడికి బాకీపడ్డవాడే.